సుందరీకరణ వారి సముఖమునకు ఒక గృహస్థు విన్నపం

మహారాజశ్రీ సుందరీకరణ వారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం మాధవధార వాస్తవ్యుడు, ఇంటిపన్ను, నీటిపన్ను గడువులోగా చెల్లించువాడు, చెత్తపన్ను ఉన్నన్నాళ్లూ దానినీ నోరెత్తక చెల్లించినవాడు, ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే విరమించినవాడు అయిన ఒక గృహస్థు చేతులు జోడించి విన్నవించునది ఏమనగా:

తమరు మనిషి కారనీ, ఒక పథకం పేరనీ నేనెరుగుదును. అయినా మా ఊళ్లో కలెక్టర్లు బదిలీ అవుతారు, కమిషనర్లు మారతారు, ప్రభుత్వాలు పడతాయి, లేస్తాయి. కుర్చీ కదలనిది తమరొక్కరే. ఎవరొచ్చినా ముందు తమ పేరు మీదే ఒక ప్రకటన చేస్తారు. కనుక చిరునామా వెతుక్కునే శ్రమ లేకుండా తమకే రాస్తున్నాను.

నా కష్టం ఒక్క ముక్కలో చెబుతాను. నేను చూడదగ్గ ఊళ్లో కాపురం ఉంటున్నాను.

బెజవాడవాడి ఇంటికి చుట్టాలొస్తే కనకదుర్గమ్మ దర్శనం చేయించి, బ్యారేజీ మీద ఒక చుట్టు తిప్పి, మధ్యాహ్నం భోజనాలకు ఇంటికి తెచ్చేస్తాడు. రాజమండ్రివాడు గోదావరిలో మూడు మునకలు వేయించి, వంతెన చూపించి, సాయంత్రానికి రైలెక్కిస్తాడు. తెనాలివాడికి ఆ బాధ కూడా లేదు, కుర్చీ వేసి కబుర్లు చెబుతాడు. మాకు అలా కాదే! సముద్రం ఉంది. అది ఒకచోట ఉంటే సర్దుకుపోవచ్చు. ఆర్కే బీచి, లాసన్స్ బే, సాగర్‌నగర్, ఋషికొండ, మంగమారిపేట, భీమిలి, ఇటు తిరిగితే యారాడ, అప్పికొండ అంటూ ఊరూరా పేరు మార్చుకుని కూర్చుంది. దాని వెనకాలే కొండలు. కొండల మీద బౌద్ధారామాలు. కొండల నడుమ అడవి. అడవి పక్కన 1977లో తెరిచిన 625 ఎకరాల జూ పార్కు. ఇవన్నీ ముగించి హమ్మయ్య అనుకునేసరికి పైన అరకు ఉంది.

మా బావమరిది హైదరాబాదులో, కూకట్‌పల్లిలో ఉంటాడు. సెలవు దొరికితే వాడికి సముద్రం గుర్తొస్తుంది. సముద్రం గుర్తొస్తే అక్క గుర్తొస్తుంది. “బావగారూ, ఈసారి హడావుడేం పెట్టుకోవద్దు. ఊరికే అలా ఒడ్డున కూర్చుందాం” అంటాడు ఫోనులో. రైలు దిగాక జేబులోంచి అదే ఫోను తీసి జాబితా చదువుతాడు. అందులో ఊళ్లో ఉన్నవీ లేనివీ అన్ని చోట్లూ ఉంటాయి. ఊరికే కూర్చోవడం మాత్రం ఉండదు.

అయ్యా, నా విన్నపం ఆ ఊరికే కూర్చోవడం గురించే.

మొదటి ఫిర్యాదు ఆర్కే బీచి మీద. పొద్దున్నే కొన్ని గంటలు బీచి రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. నడిచేవాళ్లు నడుస్తారు, పరిగెత్తేవాళ్లు పరిగెడతారు, ముసలివాళ్లు గట్టు మీద కూర్చుని మిగిలినవాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటారు. ఆ పూట అంతా సవ్యంగానే ఉంటుంది. బహుశా తమరింకా నిద్ర లేవని వేళ కావచ్చు. సాయంత్రం చుట్టాలతో వెళితే మాత్రం సముద్రం చూడడానికి తీరిక దొరకదు. ముందు కురుసుర చూడాలి. సోవియట్ దేశంలో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు కొలువు చేసి, 2001 ఫిబ్రవరిలో విరమించిన జలాంతర్గామి అది. మరుసటి ఏడాదే దాన్ని ఇసుక మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. దాని ఎదురుగా టీయూ-142 విమానం. అదీ 29 ఏళ్లు ఎగిరి 2017లో విరమించి, ఆ డిసెంబరుకల్లా బీచి రోడ్డులో స్థలం సంపాదించింది. ఇద్దరూ పింఛనుదార్లే. నేనూ పింఛనుదారునే. వాళ్లకేమో సముద్రం గాలి, రంగు దీపాలు, ఏటేటా కొత్త పెయింటు. నాకు సందులో రెండు గదులు, కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ల కిటికీ. ఇది ఈర్ష్య కాదని మనవి. సీనియారిటీ ప్రశ్న.

జలాంతర్గామి లోపల ఒకరి వెనక ఒకరం వంగి నడుస్తాం. “మావయ్యా, ఇంత ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎలా పడుకునేవారు?” అని బావమరిది పిల్లలు అడుగుతారు. మీరంతా వచ్చినప్పుడు మా ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే అని నోటిదాకా వస్తుంది. వెనక మా ఆవిడ ఉంటుంది గనక మింగేస్తాను.

బయటికొచ్చాక ‘ఐ లవ్ వైజాగ్’ అనే పెద్ద అక్షరాలు. హైదరాబాదు వాళ్లు ఆ అక్షరాల ముందు నిలబడి ప్రేమ ప్రకటిస్తారు. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా పన్ను కడుతున్న నేను ఆ అక్షరాల వెనక వాళ్ల చెప్పులూ సంచులూ మోస్తూ నిలబడతాను. ఆ ఫొటోల్లో సముద్రం ఉండదు, అక్షరాలు అడ్డం. నేనూ ఉండను.

ఇక ఇసుక సంగతి. మా తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో తెరిచిన రేవుకు 1970ల్లో బయటి హార్బరు కట్టి సముద్రంలోకి రాళ్ల గోడలు చాచారు. నడిచే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచికి రావలసిన వాటా రాక, ఉన్నది కోసుకుపోతుంది. అందుకని ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి, నీళ్లతో కలిపి, గొట్టాల్లో తెచ్చి బీచిలో పోస్తారు. కెరటాలు దాన్ని పట్టుకుపోతాయి. మళ్లీ తెస్తారు. మా బీచిలో ఇసుక కూడా సర్కారీ ఉద్యోగే, బదిలీ మీద వస్తుంది, బదిలీ మీద పోతుంది. బావమరిది పిల్లలు అందులో కొంత జేబుల్లో పోసుకుని మాధవధార తెస్తారు. అంత ఖర్చు పెట్టి తెచ్చిన ఇసుకను మా ఆవిడ ఖర్చు లేకుండా చీపురుతో ఊడ్చి పారబోస్తుంది. ఈ నష్టానికి మేం బాధ్యులం కామని ముందే మనవి చేస్తున్నాను.

అదే ఒడ్డున 2024 ఫిబ్రవరి 25న తేలే వంతెన ప్రారంభించారు. ఖర్చు కోటీ అరవై లక్షలు. మర్నాడే దాని కొస భాగం విడిపోయి నీళ్లలో వేరుగా తేలుతూ కనిపించింది. తెగిపోయిందని ఊరంతా గగ్గోలు పెడుతుంటే, తెగలేదు, మేమే విడదీశాం, మాక్ డ్రిల్ అని అధికారులు శాంతంగా సెలవిచ్చారు. అయ్యా, గృహస్థులకు తమరు ఇచ్చిన కానుకల్లో ఈ మాట అమూల్యమైనది. ఆ తర్వాత చేతిలోంచి గాజు గ్లాసు జారినా, చూడమన్న పాలు పొంగి పోయినా నేను కంగారుపడడం మానేశాను. “మాక్ డ్రిల్” అంటాను. అయితే మా ఆవిడా సామాన్య ప్రజానీకమూ ఒక్కటే. నమ్మరు.

రెండో ఫిర్యాదు తెన్నేటి పార్కుది. విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని పోరాడిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టుకున్న పార్కు, కైలాసగిరి పాదాల దగ్గర, సముద్రం మీదికి వంగి ఉంటుంది. 2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ గాలికి కొట్టుకొచ్చి ఈ పార్కు కింద ఒడ్డెక్కింది. సిబ్బంది క్షేమంగా దిగారు. ఓడ మాత్రం దిగబడిపోయింది. మా ఊరి చరిత్రలో తమ ప్రమేయం లేకుండా వచ్చిన వింత అదొక్కటే. శంకుస్థాపన లేదు, శిలాఫలకం లేదు, టికెట్టు లేదు. కరోనా నెలల్లో ఇళ్లలో మగ్గినవాళ్లంతా వెళ్లి గట్టు మీద కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఆ ఓడ వంక కళ్లప్పగించి చూశారు. అంతమంది ఊరికే కూర్చోవడం తమ కంటపడింది. వెంటనే ఓడను తేలే హోటలు చేస్తామన్నారు. ఏళ్లు గడిచాయి. ఓడకు తుప్పు పట్టింది గాని, హోటల్లో ఇడ్లీ ఉడకలేదు.

పైన కైలాసగిరి. 40 అడుగుల శివపార్వతులు, తీగ మీద నడిచే రోప్‌వే, కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు, ఇప్పుడు కొత్తగా గాజు వంతెన. ఒక్కోదానికి ఒక్కో వరుస, ఒక్కో టికెట్టు. ఆ కొండ అంచున నిలబడితే ఇటు డాల్ఫిన్స్ నోస్ నుంచి అటు ఋషికొండ దాకా తీరమంతా ఒక్క వంపులో కనిపిస్తుంది. దానికి విడిగా టికెట్టు పెట్టలేదు. అందుకే కాబోలు ఎవరూ అటు చూడరు. చూస్తున్నానని ఎవరికైనా చెబితే పెడతారేమోనని నేనూ కంటి చివరనుంచే చూస్తాను.

మూడో ఫిర్యాదు ఊళ్లోని పార్కులది. నడిబొడ్డున సెంట్రల్ పార్కు ఉంది. అది ఒకప్పటి జైలు స్థలం. ఖైదీలను అడవివరం తరలించాక ఆ నేలలో పచ్చిక, ఫౌంటెన్లు వచ్చాయి. పూర్వం అక్కడున్నవాళ్లు వేళకు లేచి, వేళకు నడిచి, గంట కొడితే లోపలికి పోయేవారు. ఇప్పుడు మేం వేళకు వెళ్లి, బాణం గుర్తు చూపించిన వైపే చుట్లు తిరిగి, కాపలావాడు ఈల వేస్తే బయటికి వస్తున్నాం. తేడా అల్లా పూర్వం వాళ్లకు ప్రవేశ రుసుము లేదు.

మిగతా పార్కుల పేర్లు నేను ప్రస్తావించను. ఈ కాగితం తమకు చేరేలోగా మారవచ్చు. 2018లో వుడా పోయి వీఎంఆర్‌డీఏ వచ్చింది. బీచి రోడ్డులో పార్కు బోర్డు మీద అక్షరాలూ మారాయి. ఆటో ఎక్కి నేను ఆ కొత్త అక్షరాలన్నీ ఊపిరి బిగబట్టి చెబితే, “ఏటి బావూ, ఉడా పార్కేనా? అలాగని సెప్పొచ్చు గదా, ఎక్కండి” అంటాడు డ్రైవరు.

చెట్ల విషయం మాత్రం హాస్యానికి చెప్పడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఊరి నెత్తి మీది గొడుగు ఊడబెరికింది. ఆ మర్నాడు ఏ వీధి చూసినా కూలిన కొమ్మలే, తల ఎత్తితే ఖాళీ ఆకాశమే. తర్వాత మొక్కలు నాటారు, కాదనను. కానీ సుందరీకరణ జరిగిన చోట్ల తమ అభిరుచి మేరకు పామ్ చెట్లు వచ్చాయి. ఠీవిగా నిలబడతాయి, గాలికి తల ఊపుతాయి, నీడ మాత్రం ఇవ్వవు. మిట్టమధ్యాహ్నం వాటి నీడలో తలదాచుకోవాలంటే మనిషి కూడా అంతే సన్నగా ఉండాలి. ఆ నీడ లేని చోటే సిమెంటు బెంచీ వేస్తారు. ఏప్రిల్ నెలలో దాని మీద కూర్చోవడమంటే ఉక్కు కర్మాగారం పని ఏమిటో అనుభవపూర్వకంగా తెలుసుకోవడమే.

తమ పద్ధతి నాకు ఇన్నాళ్లకు బోధపడింది. ఫొటోలో పడేది కడతారు, పడనిది కట్టరు. అక్షరాలు పడతాయి, గాజు పడుతుంది, ఫౌంటెన్ పడుతుంది. నీడ పడదు. తాగే నీళ్ల కుళాయి పడదు. ఆడవాళ్లకు లోపల గడియ సరిగా పడే మరుగుదొడ్డి అసలే పడదు. మా ఆవిడ ఏ బీచికి బయల్దేరినా ముందు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే. జవాబు తెలిసి పొద్దుటి కాఫీ మానేస్తుంది. సముద్రపు ఒడ్డున బతికే ఊళ్లో ఆడవాళ్లు నీళ్లు తాగకుండా సముద్రం చూడడానికి వెళుతున్నారంటే, ఆ నేరం సముద్రానిది కాదు గదా.

నాలుగోది ఋషికొండ. 2020 అక్టోబరులో దేశం మొత్తం మీద 8 బీచిలకు తొలి విడత బ్లూ ఫ్లాగ్ ఇస్తే, మన రాష్ట్రంలో దక్కింది దీనికొక్కదానికే. జెండా ఇచ్చే సంస్థ డెన్మార్కుది. నీళ్లు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు అంటూ 33 పరీక్షలు పెడుతుంది. గర్వంతో మా ఛాతీలు పొంగాయి. 2025 మొదట్లో, కుక్కలు తిరుగుతున్నాయి, శుభ్రత లేదు అని ఫిర్యాదులు ఫొటోలతో సహా అక్కడికి చేరాయి. జెండా దించమన్నారు. ఇక చూడాలి పరుగులు! ఇన్నాళ్లూ కానిది వారాల్లో అయింది, జెండా తిరిగొచ్చింది. దీనివల్ల నాకు తేలిన నీతి: మా బీచిలో మరుగుదొడ్డి కడిగించాలంటే ఫిర్యాదు కోపెన్‌హాగెన్‌కు రాయాలి. నేను ఇన్నేళ్లూ రెండు వీధుల అవతలి కార్యాలయానికి రాస్తూ కాగితం వృథా చేశాను.

ఆ పక్కన ఋషికొండను తొలిచి భవనాలు కట్టిన సంగతి మాట్లాడను. కోర్టులు మాట్లాడాయి, అసెంబ్లీ మాట్లాడింది, టీవీలు గొంతు పోయేదాకా మాట్లాడాయి. ఆ పేరులో ఋషులున్నారు గనక నేను మౌనం పాటిస్తాను.

ఐదో ఫిర్యాదు కాలినడక దారుల మీద. మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఆ కొండ మీద విహారాలు కట్టుకున్నారు. 1970ల్లో నౌకాదళం వారు స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తే బయటపడింది. భిక్షువుల ఎంపిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎదురుగా సముద్రం, ఒళ్లంతా గాలి, కింద వర్తకుల దారి. వాళ్లు మరవని పని బండలో తొట్లు తొలిచి వాననీళ్లు పట్టుకోవడం. స్తూపం, సభామండపం, భోజనశాల, గదులు, అన్నిటికీ లెక్క ఉంది. కొండెక్కినవాడికి దాహం వేస్తుందని వాళ్లకు తట్టింది. మా బావమరిది ఆ తొట్టిలోకి తొంగిచూసి, “నీళ్ల సీసా ఎక్కడ దొరుకుతుంది బావగారూ?” అన్నాడు. రెండు వేల ఏళ్లు ఆలస్యంగా వచ్చావన్నాను.

ఊరికి ఆనుకుని 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అడవి ఉంది. ఒకప్పుడు విజయనగరం రాజులది, ఇప్పుడు అటవీశాఖది. లోపల నడక దారులున్నాయి, చెరువుంది, చిరుతలున్నాయి. ఆ చిరుతల పుణ్యమా అని తమరక్కడ ఎక్కువ చేయి చేసుకోలేదు. చిరుతలకు నా కృతజ్ఞతలు.

ట్రెక్కింగు అనేది మా బావమరిది కొత్తగా నేర్చిన మాట. దానికి వేరే బూట్లు, వేరే కర్ర, వీపు మీద సంచీ కొన్నాడు. మా అత్తగారు, అంటే సాక్షాత్తు వాడి కన్నతల్లి, డెబ్బై ఏళ్ల వయసులో బూట్లు కాదు గదా చెప్పులు కూడా లేకుండా సింహాచలం గిరిప్రదక్షిణ చేసింది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ చేరి సముద్రస్నానం చేసి, మా మాధవధార మీదుగా కొండ చుట్టి మళ్లీ సింహాచలం చేరేసరికి 32 కిలోమీటర్లు. లక్షల మంది నడుస్తారు. వాన పడితే తడుస్తూ నడుస్తారు. ఆ రాత్రి దారి పొడుగునా ఇళ్లవాళ్లు బల్లలు వేసి మజ్జిగ పోస్తారు, పులిహోర పెడతారు, కాళ్లు నొప్పులన్నవాళ్లకు కుర్చీ వేస్తారు. ఎవరూ ఎవర్నీ టికెట్టు అడగరు. మా వీధిలో ఆ రాత్రి మజ్జిగ కలిపేది మా ఆవిడే. నాకు తెలిసి ఈ ఊళ్లో అలసిన మనిషికి నీళ్లు, నీడ, కూర్చునే చోటు అడక్కుండా దొరికే నడకదారి అదొక్కటే. ఏడాదికి ఒక్క రాత్రి, అదీ దేవుడి పేరు మీద.

ఆరోది ఫిర్యాదు కాదు, భయం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఒకప్పుడు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి గుట్టలు పోసింది. వేల ఏళ్ల ఎండకూ వానకూ అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబారింది. వానకాలవలు దాన్ని కోసి లోయలు చెక్కాయి. తీరంలో ఇలాంటి ఎర్ర ఇసుక మళ్లీ తమిళనాడు తేరి భూముల్లోనూ శ్రీలంకలోనూ ఉందంటారు. మన సినిమావాళ్లు చాలామంది కథానాయికలను అందులో పరిగెత్తించారు. 2014లో భూవిజ్ఞాన వారసత్వ స్థలమన్నారు. 2024లో పక్కనే జేసీబీలు నేల చదును చేస్తుంటే ఊరు గొడవపెట్టి ఆపించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. అందుకే భయం. గుర్తింపు వచ్చిందంటే వెనకాలే తమరు వస్తారు. ఆ దిబ్బల మీద నడిస్తేనే అంచులు రాలుతాయి. తమరు అక్కడ సిమెంటు మెట్లు, రంగు దీపాలు, డైనోసారు బొమ్మ వగైరా తలపెట్టవద్దని నా పిల్లల మీద ఒట్టు పెట్టి అడుగుతున్నాను. గాలీ వానా కలిసి చేసిన పనికి మెరుగు దిద్దే మేస్త్రీ ఇంకా పుట్టలేదు.

ఏడోది డేరాల గొడవ. పిల్లలకు క్యాంపింగు కావాలట. పాతికేళ్లు వాయిదాలు కట్టి నెత్తి మీదికి కాంక్రీటు కప్పు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ కప్పుకు తాళం వేసి, కొండ మీదికి పోయి, అద్దె గుడ్డ కింద పడుకుని, దానికి మళ్లీ డబ్బివ్వాలి. లంబసింగిలో చలికాలం నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి, దాన్ని ఆంధ్రా కశ్మీరు అంటారు. వంజంగిలో మబ్బులు కిందా మనం పైనా ఉంటాం. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెండూ అరకుతో సహా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. హమ్మయ్య, పరాయి జిల్లా, నా పూచీ లేదనుకున్నాను. బావమరిది వినలేదు. “జిల్లా మారితే ఏం బావగారూ, దారి మీ ఇంటి మీంచే గదా!” అన్నాడు.

వంజంగి మబ్బులు చూడాలంటే అర్ధరాత్రి దాటగానే లేవాలి. చీకట్లో కొండెక్కాలి. మేం ఎక్కేసరికి అక్కడ మబ్బులకన్నా మనుషులెక్కువున్నారు. సూర్యుడు వచ్చాడు. అందరూ ఆయనకు వీపు తిప్పి, ఫోను ముందుకు చాచి, తమను తాము చూసుకున్నారు. సూర్యనారాయణమూర్తి అంత అవమానం గ్రహణాల్లో కూడా పడి ఉండడు. మబ్బులు కరిగాక కొండ మీద మిగిలినవి నూడిల్స్ కప్పులు. వాటిని ఏరుతున్నది ఆ ఊరి గిరిజన పిల్లలు.

అరకు రైలు ప్రయాణం మాత్రం నేను ఒప్పుకుంటాను. ఆ లైను నిజానికి మనకోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. ఎవరూ అందంగా ఉండాలని తలచలేదు. ఖనిజం దిగితే చాలనుకున్నారు. అందుకే అంత అందంగా కుదిరింది. ఈ వాక్యం తమరు రెండుసార్లు చదవవలసిందిగా ప్రార్థన.

మా ఊరికి వచ్చే యాత్రికుల్లో నేను మనసారా గౌరవించేది ఆలివ్ రిడ్లే తాబేళ్లను. చలికాలం రాత్రుళ్లు వచ్చి, ఒడ్డున గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, తెల్లారకముందే వెళ్లిపోతాయి. అటవీశాఖవాళ్లు ఆ గుడ్లను ఏరి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. అవి మురీ మిక్చరు పొట్లం పారేయవు, ప్లాస్టిక్ సీసా వదలవు, ఫొటోకు నిలబడవు. వాటికి కావలసింది చీకటి, ఖాళీ ఇసుక. తమరు ఒడ్డున పెట్టిన దీపాల వెలుగు చూసి అవి దారి తప్పుతాయని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అనగా మా ఊళ్లో సుందరీకరణ వల్ల బాధపడుతున్న గృహస్థును నేనొక్కణ్ణే కానని తేలింది.

గంగవరం ఒడ్డు గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు అక్కడ సినిమా షూటింగులు జరిగేవి, వలలు ఆరేవి. 2009లో అక్కడ రేవు ప్రారంభమైంది. రేవు వద్దనను. రేవు, ఉక్కు లేకపోతే ఈ ఊళ్లో మాకు కూడే లేదు. కానీ అటు నుంచి పనులకోసం ఒడ్డు తరుగుతూ, ఇటు నుంచి అందంకోసం ఒడ్డు తరుగుతూ ఉంటే, నడుమ మనిషి తువ్వాలు పరుచుకునే జాగా ఎంత మిగులుతుందో తమరే కొలిపించండి. ఏ టేపుతోనైనా సరే.

కనుక నా కోర్కెలు ఇవి. నీడనిచ్చే చెట్లు: వేప, కానుగ, నేరేడు, ఏదైనా సరే, ఫొటోలో బాగుండకపోయినా సరే. ప్రతి ఒడ్డునా తాగే నీళ్లు. గడియ పడే మరుగుదొడ్డి, దానికి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోని మనిషి. ఎండలో కాలని బెంచీ. మధ్యాహ్నం మూసేయని గేటు. టికెట్టు లేకుండా, ఎవరూ ఈల వేయకుండా, ఏ పనీ లేకుండా కూర్చునే హక్కు. ఈ ఊళ్లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో జనం ప్రాణాలకు తెగించి నిలబడితే కర్మాగారం వచ్చింది. నేను అంత పెద్దది అడగడం లేదు. నిలబడమనడం లేదు కూడా. కూర్చోనిస్తే చాలునంటున్నాను.

ఇంతవరకు రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, “ఇది చదివి వాళ్లు నిజంగా ఏదైనా చేస్తేనో?” అంది. నాకు ముచ్చెమటలు పోశాయి. ఆమె అన్నది నిజం. తమరు ఈ విన్నపాన్ని మన్నిస్తే ముందు ‘గృహస్థుల విశ్రాంతి ఉద్యానవనం’ అని ఒక బోర్డు లేస్తుంది. శంకుస్థాపనకు రోడ్డు మూస్తారు. ఉన్న రెండు వేపచెట్లు వేదికకు అడ్డమని కొట్టేస్తారు. ఊరికే కూర్చోవడానికి పెద్దలకు ఇంత, పిల్లలకు ఇంత, కెమెరాకు ఇంత అని రేటు రాస్తారు. ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగడానికి కూకట్‌పల్లి నుంచి రిజర్వేషను అవుతుంది.

కాబట్టి తమ కార్యాలయంలో ఇలాంటి కాగితాలను మామూలుగా ఏ బీరువాలో, ఏ దొంతర అడుగున పెడతారో దీన్నీ అక్కడే పెట్టి, ఎప్పటికీ పైకి తీయకుండా కాపాడవలసిందిగా ప్రార్థన.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ చేత సుందరీకరింపబడకుండా మిగిలిన
ఒక గృహస్థు